బరువు తీసేసిన ఆకాశం

1942 ఏప్రిల్ 6న కాకినాడ రేవు మీద బాంబులు పడ్డాయి. ముందురోజు కొలంబోని కొట్టిన జపాన్ నౌకాదళం ఒకటైతే, బంగాళాఖాతంలో సరుకు ఓడల్ని వేటాడుతున్న అడ్మిరల్ ఒజావా దళం ఇంకొకటి. ఈ రెండో దళంలో ర్యూజో అనే విమానవాహక నౌక ఉంది. దాని మీంచి లేచిన విమానాలే ఆ రోజు అటు విశాఖపట్నం మీదికీ ఇటు కాకినాడ మీదికీ వచ్చాయి. నష్టం కన్నా భయం పెద్దది. అంతవరకూ పేపర్లో చదివే సంగతిగా ఉన్న యుద్ధం గోదావరి జిల్లా వాళ్ళ నెత్తిమీద చప్పుడు చేసిన రోజది.

42 ఏళ్ళు గడిచాక, 1984లో, జపాన్‌కే చెందిన క్యాప్‌కామ్ కంపెనీ ఒక వీడియో గేమ్ తయారుచేసి దానికి ‘1942’ అని పేరు పెట్టింది. చోద్యమేమిటంటే, జపాన్ వాళ్ళు చేసిన ఆ ఆటలో మనం నడిపేది అమెరికా వాళ్ళ పి-38 విమానం, కూల్చేది జపాన్ విమానాల్ని. తొంభైల్లో టీవీకి తగిలించుకునే గేమ్ డబ్బాలు మన బజార్లలోకి వచ్చినప్పుడు ఒకే క్యాసెట్లో పదుల కొద్దీ ఆటలు కూరి అమ్మేవారు. అలాంటి క్యాసెట్లలో ‘1942’ ఉండేది, టైటో కంపెనీ వాళ్ళ ‘స్కై డిస్ట్రాయర్’ కూడా ఉండేది. ఈ రెండోదాంట్లో మాత్రం మనది జపాన్ జీరో విమానం. పొద్దున ఒక పక్షం, సాయంత్రం ఇంకో పక్షం. ఆడే కుర్రాళ్ళకి పట్టింపేమీ లేదు.

‘1942’లో ఒక బటన్ ఉంది. నొక్కితే విమానం గాలిలో నిలువుగా పల్టీ కొట్టి, ఏ వేగంతో వెళ్ళిందో అదే వేగంతో మళ్ళీ దారిన పడుతుంది. పల్టీ కొడుతున్నంతసేపూ తూటాలు తగలవు. ఆర్కేడ్ యుద్ధవిమానాల ఆటలన్నిటి గుట్టూ ఆ ఒక్క బటన్లోనే ఉందంటాను నేను.

నిజం విమానం పల్టీ కొడితే ఏమవుతుందో లెక్క వేసి చూద్దాం. సెకనుకి 150 మీటర్లు, అంటే గంటకి 540 కిలోమీటర్ల వేగంతో వస్తున్న విమానం 600 మీటర్ల ఎత్తున్న పల్టీ మొదలుపెట్టిందనుకోండి. ఇంజను లాగుడుకీ గాలి అడ్డుకీ చెల్లుకి చెల్లు అనుకున్నా సరే, పైకి చేరేసరికి వేగం సెకనుకి 104 మీటర్లకి పడిపోతుంది. దాదాపు మూడోవంతు వేగం ఎత్తుగా మారిపోయింది. మళ్ళీ కిందికి దిగితే తిరిగొస్తుంది గానీ, దారిలో గాలి మింగినంత మింగి మిగిలినదే ఇస్తుంది.

ఫైటర్ పైలట్‌కి ఎత్తూ వేగమూ వేరు వేరు సంగతులు కావు. ఒకటి ఇచ్చి రెండోది తెచ్చుకోవచ్చు. సెకనుకి 200 మీటర్లతో పోతున్న విమానం కిలోమీటరు ఎత్తు వదులుకుంటే వేగం 244 దాకా పెరుగుతుంది. ఇద్దరు పైలట్లు ఒకరితో ఒకరు తలపడినప్పుడు ఎవడి దగ్గర ఈ శక్తి ఎక్కువ మిగిలితే మొగ్గు వాడిది. సంక్రాంతికి భీమవరం పక్క బరుల్లో కోడిపందెం చూసినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. రెండు కోళ్ళూ ఎదురెదురుగా లేచినప్పుడు పైనున్నదాని కత్తి కిందికి దిగుతుంది. కిందున్నది ఎంత బలమైనదైనా ముందు మళ్ళీ ఎగరాలి, ఆ ఎగరడానికి బలం ఖర్చు పెట్టాలి.

ఆర్కేడ్ ఆటలో ఆ ఖర్చు లేదు. మలుపు ఎంత బిగించినా వేగం తగ్గదు, తగ్గినా నామమాత్రం. నిట్టనిలువుగా ఎంతసేపు ఎక్కినా ఇంజను అలిసిపోదు. ఆ ఆటలు విమానం ఆకారాన్నీ ఆకాశంలో ఎవరు ఎటున్నారన్న జ్యామితినీ ఉంచుకుని బరువుని తీసేశాయి.

బరువు అంటే ఎంతో తెలియాలంటే విమానాన్ని గోదావరి మీదికి తేవాలి. ఎఫ్-16 లాంటి ఫైటర్ల చట్రాన్ని 9 జీ దాకా తట్టుకునేలా కడతారు. 1 జీ అంటే నేల మీద మామూలుగా మనం మోసే బరువు, 9 జీ అంటే దానికి తొమ్మిది రెట్లు. సెకనుకి 250 మీటర్ల వేగంతో 9 జీ మలుపు తీసుకుంటే ఆ విమానం గీసే వలయం వ్యాసార్ధం 710 మీటర్లు. కొవ్వూరు, రాజమండ్రి మధ్య 1974లో తెరిచిన రోడ్డు కం రైలు వంతెన ఉందిగా, దాని రైలు భాగం పొడవు 2.8 కిలోమీటర్లు. ఆ వెడల్పులో ఇలాంటి వలయాలు రెండు పక్కపక్కన దాదాపుగా పడతాయి. ఒక్కో చుట్టుకీ పట్టే కాలం 18 సెకన్లు. తిన్నగా పోతే వంతెన దాటడానికి 11 సెకన్లు చాలు. అదే వేగంతో రాజమండ్రి నుంచి అంతర్వేది దగ్గర సముద్రం మీదికి వెళ్ళడానికి అయిదు నిమిషాలు, కాకినాడకి మూడు నిమిషాల పైచిలుకు. డెల్టా మొత్తం ఒక ఫైటర్‌కి పెరడంత చోటు.

అందుకే ఆటల్లో మలుపులు ఇంకా చిన్నవిగా గీస్తారు. నిజం లెక్కల్లో గీస్తే శత్రు విమానం తెరమీద ఎప్పుడూ చుక్కలాగే కనబడుతుంది. కిలోమీటరు దూరంలో ఉన్న 15 మీటర్ల విమానం, చేయి చాచి పట్టుకున్న ఫోను మీద ఒక సెంటీమీటరైనా ఉండదు. దాంతో ఆట చేసేవాళ్ళు ఆకాశాన్ని కుదించేస్తారు. విమానాలు దగ్గరగా వస్తాయి, పెద్దగా కనబడతాయి, వంతెనల కిందనుంచి దూరి పోతాయి.

ఇక మలుపు ఖర్చు. రెక్క పైకెత్తే బలం పెరిగేకొద్దీ దాని వెనకే ఒక అడ్డు పుడుతుంది. రెక్క కొసల దగ్గర గాలి సుడులు తిరుగుతుందే, ఆ సుడుల్ని పుట్టించడానికి అయ్యే ఖర్చన్నమాట. అదే వేగం దగ్గర ఈ అడ్డు ఎత్తే బలానికి వర్గంగా పెరుగుతుంది. మామూలుగా తిన్నగా పోయేటప్పుడు ఒక వంతు ఉంటే 9 జీ మలుపులో 81 వంతులు. ఆఫ్టర్‌బర్నర్ వేసి ఇంధనం గుమ్మరించినా చాలా సందర్భాల్లో ఇంజను దాన్ని పూడ్చలేదు, వేగం కళ్ళముందే కారిపోతుంది. వేగం పోయాక 9 జీ లాగుదామన్నా రెక్కకి దొరికే గాలి చాలదు. పైలట్లు మొదటి మలుపులోనే ఉన్నదంతా ఊడ్చిపెట్టేయకపోవడానికి కారణం ఇది. ఆర్కేడ్ ఆటలో ఆరితేరిన కుర్రాణ్ణి సిమ్యులేటర్లో కూర్చోబెడితే మొదట చేసే తప్పు కూడా ఇదే. విమానం నడిపే కర్ర వెనక్కి పూర్తిగా లాగి పట్టుకుంటాడు, కాసేపటికి గాలిలో చేతకాక వేలాడుతుంటాడు.

విమానం సంగతి అలా ఉంచితే, లోపల కూర్చున్న మనిషి సంగతి ఇంకా గట్టిది. 70 కిలోల పైలట్ 9 జీ దగ్గర 630 కిలోలు తూగుతాడు. చేయి ఎత్తడం కష్టం, తల తిప్పడం ప్రమాదం. అంతకన్నా ముందు రక్తం. గుండె నుంచి మెదడుకి 30 సెంటీమీటర్ల ఎత్తు ఉందనుకుంటే, ఆ రక్తపు నిలువు బరువు మామూలు రోజున దాదాపు 23 మిల్లీమీటర్ల పాదరసం. గుండె కొట్టే సగటు ఒత్తిడి సుమారు 100. అంటే 4 జీ దాటేసరికి ఆ నిలువు బరువే గుండె ఒత్తిడంతా తినేస్తుంది, మెదడుకి రక్తం ఎక్కదు. కంటిలోపల 15 మిల్లీమీటర్లకి అటూ ఇటూగా సొంత ఒత్తిడి ఉంటుంది కాబట్టి కన్ను అన్నిటికన్నా ముందు చేతులెత్తేస్తుంది. రంగులు వెలిసిపోతాయి, చుట్టూ నల్లగా మూసుకొస్తుంది, ఇంకా లాగితే స్పృహే పోతుంది. ఇదంతా హైస్కూలు భౌతికశాస్త్రమే. ద్రవం ఎత్తు, సాంద్రత, గురుత్వం, మూడిటినీ గుణిస్తే వచ్చే లెక్క.

తట్టుకోవడానికి రెండు దారులున్నాయి. జీ-సూట్ కాళ్ళనీ పొట్టనీ గాలి సంచులతో బిగించి రక్తం కిందికి జారకుండా ఆపుతుంది. దాంతో ఒక జీ, మహా అయితే ఒకటిన్నర కలిసొస్తుంది. మిగతాది పైలట్ ఒంటితో సంపాదించాలి. కాళ్ళ కండరాలు బిగబట్టి, ఊపిరి బంధించి, మూడేసి సెకన్లకొకసారి టక్కున వదిలి పీల్చాలి. అలా చేస్తూనే శత్రువుని వెతకాలి, రేడియో వినాలి, ఇంధనం చూసుకోవాలి. బెంగళూరులో వైమానిక దళపు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్ ఉంది. అక్కడ పొడవాటి చేతికి గది బిగించి, అందులో పైలట్‌ని కూర్చోబెట్టి గిరగిరా తిప్పే సెంట్రిఫ్యూజ్‌లో ఈ సాధన చేయిస్తారు.

మంచం మీద వెల్లకిలా పడుకుని ఫోను పట్టుకున్నవాడికి వీటిలో ఒక్కటీ లేదు. ఆట చేసినవాళ్ళ తప్పేమీ కాదది. 1987లో సెగా కంపెనీలో యూ సుజుకీ చేసిన ‘ఆఫ్టర్ బర్నర్’ ఈ లోటు తెలిసి చేసిన ఆట. దాని పెద్ద మోడల్లో కూర్చునే సీటే మోటార్ల మీద అటూ ఇటూ ఒరిగేది. ఒరగడం వరకే. తొమ్మిది రెట్ల బరువు మోపే కుర్చీని సెంట్రిఫ్యూజ్ లేకుండా ఎవరూ చేయలేరు.

పైగా ఆ రోజుల్లో వ్యాపారం నాణెం మీద నడిచేది. నాణెం వేసినవాడికి పది సెకన్లలో మిస్సైల్ పేలాలి, మూడు నాలుగు నిమిషాల్లో ఆట అయిపోవాలి, వెనక ఇంకొకడు నిలబడి ఉన్నాడు. ఎత్తు కూడబెట్టుకోవడానికి రెండు నిమిషాలు తీసుకునే ఆటని ఏ పార్లర్ వాడూ కొనడు. యంత్రానికి శక్తి చాలక భౌతికశాస్త్రం వదిలేశారనుకుంటారు చాలామంది. అది సగం నిజం. ఈ రోజు మన జేబులో ఉన్న ఫోను నిజం విమానపు గాలి లెక్కలు సెకనుకి 60 సార్లు తేలిగ్గా వేయగలదు. అయినా ఆర్కేడ్ ఆటలు ఆ దారి పట్టలేదు. 1995లో ప్లేస్టేషన్ మీదికి వచ్చి, 2019లో ఏడో భాగం దాకా సాగిన నామ్కో వాళ్ళ ‘ఏస్ కంబాట్’ వరస చూడండి. మబ్బులు అచ్చం మబ్బుల్లా ఉంటాయి, కాక్‌పిట్ అద్దం మీద నీటి చుక్కలు జారతాయి. విమానం ఒక్కటి మాత్రం ఒక్కో దండయాత్రకి పదుల మిస్సైళ్ళు మోస్తుంది. నిజం ఫైటర్ రెక్కల కింద వేలాడేవి మామూలుగా పదో పన్నెండో దాటవు.

2019 జూలై 31న మన వైమానిక దళం సొంతంగా విడుదల చేసిన ‘ఇండియన్ ఎయిర్ ఫోర్స్: ఏ కట్ అబవ్’ అనే మొబైల్ గేమ్ కూడా ఈ కోవలోదే. అంతకుముందు 2014లో ‘గార్డియన్స్ ఆఫ్ ది స్కైస్’ తెచ్చారు. కుర్రాళ్ళకి దళం మీద ఆసక్తి పుట్టించడం ఉద్దేశం కాబట్టి, మొదటి అరగంటలోనే స్టాల్ అయి, అంటే రెక్కకి గాలి పట్టు తప్పి, పడిపోయే విమానాన్ని చేతికివ్వకపోవడం న్యాయమే.

మరి ఆటలో మిగిలింది ఏమిటి? తక్కువేమీ కాదు. ఫిరంగి సంగతి తీసుకోండి. 20 మిల్లీమీటర్ల వల్కన్ ఫిరంగి గుండు సెకనుకి వెయ్యి మీటర్ల పైచిలుకు వేగంతో బయల్దేరుతుంది. శత్రువు 600 మీటర్ల దూరంలో ఉంటే గుండు చేరడానికి సెకనులో పదింట ఆరు పాళ్ళు, అంటే 0.6 సెకను పడుతుంది. అడ్డంగా 250 మీటర్ల వేగంతో పోతున్న విమానం ఈలోగా 150 మీటర్లు ముందుకి పోయి ఉంటుంది. కాబట్టి విమానాన్ని కాదు, ఖాళీ ఆకాశాన్ని కొట్టాలి. ఆటలో శత్రువుకి ముందు తేలే చిన్న వలయం చూపేది ఆ ఖాళీ చోటునే. నిజం ఫైటర్ అద్దం మీద కూడా కంప్యూటర్ ఇదే లెక్క వేసి చూపిస్తుంది.

మిస్సైల్ ఇంకా బాగుంటుంది. చాలా ఆర్కేడ్ ఆటల్లో మిస్సైల్ బుద్ధి చాలా చిన్నది. ప్రతి క్షణం లక్ష్యం వైపు ముక్కు తిప్పుకుంటుంది, అదీ ఒక హద్దు మేరకే. ఎప్పుడూ శత్రువు ఉన్నచోటుకే గురి పెడుతుంది కాబట్టి చివరికి తోక వెంట పడుతుంది. దగ్గరికి వచ్చేదాకా ఆగి ఒక్కసారి అడ్డంగా విరగ్గొడితే బోల్తా పడి పక్కనుంచి దూసుకుపోతుంది. ‘ఆయ్, తప్పించేశానండీ’ అని కుర్రాళ్ళు గెంతేది ఆ క్షణానికే.

నిజం మిస్సైళ్ళు ఓడ సరంగులకి ఎప్పట్నుంచో తెలిసిన సూత్రాన్ని వాడతాయి. ఎదుటి పడవ దగ్గరపడుతూ, మనం చూసే కోణం మాత్రం మారకుండా నిలబడిపోతే గుద్దుకోవడం ఖాయం. సరంగు ఆ కోణం మారేలా చుక్కాని తిప్పుతాడు. మిస్సైల్ పనిగట్టుకుని కోణం మారకుండా తిప్పుకుంటుంది. చూపు గీత ఎంత వేగంగా తిరుగుతోందో కొలిచి, దానికి కొన్ని రెట్లుగా తన దారి మలుచుకుంటుంది. దూరం, లక్ష్యం వేగం తెలియకపోయినా ఇది పనిచేస్తుంది. 1958 సెప్టెంబరులో తైవాన్ జలసంధి మీద మొదటిసారి యుద్ధంలో వాడిన సైడ్‌వైండర్ ఈ పద్ధతిదే. దాని లోపల ఉన్నవి ఇప్పటి అర్థంలో కంప్యూటర్లు కావు, వేడిని పసిగట్టే కన్ను, తిరిగే జైరో, కొన్ని వాక్యూమ్ ట్యూబులు.

అయినా చివరి నిమిషపు మలుపు పూర్తిగా అబద్ధం కాదు. సెకనుకి 900 మీటర్లతో వచ్చే మిస్సైల్ 30 జీ లాగినా దాని వలయం వ్యాసార్ధం 2,700 మీటర్లు దాటుతుంది. మన ఫైటర్‌ది 710. మెల్లగా పోయేవాడే చిన్న మలుపు తిరగగలడు. అందుకే మిస్సైల్‌కి లక్ష్యం కన్నా మూడు రెట్లకి పైగా జీ లాగే సత్తా ఉండేలా రూపొందిస్తారు. ఆటలో కుర్రాడు వాడుకునేది ఈ నిజాన్నే, కాకపోతే చాలా చవగ్గా.

ఫోను వంచి విమానం నడిపే ఆటల్లో నాకు నచ్చే తమాషా ఒకటుంది. ఫోను లోపల సిలికాన్‌తో చేసిన అతి చిన్న బరువు సన్నటి స్ప్రింగుల మీద వేలాడుతుంటుంది. ఫోను ఒరిగితే అది కాస్త జరుగుతుంది, ఆ జరుగుడుని బట్టి భూమి ఎటుందో ఫోను తెలుసుకుంటుంది. ఇప్పుడు అదే ఫోనుని మలుపు తిరుగుతున్న నిజం ఫైటర్లో పైలట్ ఒళ్ళో పెట్టండి. విమానం ఎనభై డిగ్రీలు ఒరిగి ఉన్నా, మలుపు బలమూ గురుత్వమూ కలిసి వచ్చే లాగుడు నేరుగా కాక్‌పిట్ నేల వైపే ఉంటుంది. ఆ చిన్న బరువుకి విమానం సమంగా పోతున్నట్టే తోస్తుంది. మన చెవి లోపలి సమతూకపు అవయవం చేసే మోసమూ అచ్చంగా ఇదే. కోనసీమ తీరం దాటి సముద్రం మీదికి వెళ్ళాక మంచు కమ్మి నీరూ నింగీ ఒకే రంగులో కలిసిపోతే, కింద ఏదో పైన ఏదో ఒళ్ళు చెప్పలేదు. పైలట్లు ఒంటిని నమ్మకుండా అద్దం మీది దిగంత గీతని నమ్మడం నేర్చుకునేది అందుకే. ఆటలో తిరగేసి జరుగుతుంది. కన్ను తిరుగుతున్నానంటుంది, చెవి కదల్లేదంటుంది, కొందరికి కడుపులో తిప్పుతుంది.

ఇంత వదిలేసిన ఆట నిజం పైలట్‌కి ఏమైనా పనికొస్తుందా? 1994లో గోఫర్, వైల్, బారెకెట్ అనే పరిశోధకులు ఇజ్రాయెల్ వైమానిక దళ శిక్షణార్థుల మీద చేసిన అధ్యయనం ఒకటి ప్రచురించారు. వాళ్ళు ఎంచుకున్న ‘స్పేస్ ఫోర్ట్రెస్’ ఆటలో విమానమే లేదు. గీతలతో గీసిన ఒక అంతరిక్ష నౌక, మధ్యలో కోట, చుట్టూ మందుపాతరలు. పది గంటలు ఆ ఆట నేర్చినవాళ్ళు, ఆడనివాళ్ళకన్నా నిజం విమానంలో పరీక్షకి మెరుగ్గా నిలబడ్డారు. వాళ్ళకి అబ్బింది రెక్కల శాస్త్రం కాదు, నాలుగు పనులు ఒకేసారి మీద పడ్డప్పుడు చూపుని దేనిమీద ఎంతసేపు నిలపాలన్న లెక్క. తెరమీది బొమ్మ ఎంత నిజంగా ఉందన్నదానికన్నా, దృష్టిని పంచుకోమని ఆట ఎంత గట్టిగా అడుగుతోందన్నదే ముఖ్యమని తేలింది. ఈ అధ్యయనం చూశాక ‘వీడియో గేములు ఆడి చెడిపోతున్నారు’ అనే మాటా, ‘ఆడితే పైలట్ అయిపోతారు’ అనే మాటా రెండూ నాకు తేలికగానే అనిపిస్తాయి.

2020 ఆగస్టులో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా ఒక పోటీ పెట్టింది. హెరాన్ సిస్టమ్స్ అనే చిన్న కంపెనీ చేసిన కృత్రిమ మేధ, సిమ్యులేటర్‌లో ఎఫ్-16 నడిపి, అనుభవమున్న ఎఫ్-16 పైలట్‌ని 5-0తో ఓడించింది. ఎదురెదురుగా దూసుకొస్తూ, గుద్దుకునేంత దగ్గర్లో ఫిరంగి పేల్చడం దాని పద్ధతి. నిజం శిక్షణలో పైలట్లకి ఆ పని నిషేధం, గుద్దుకుంటే ఇద్దరూ పోతారు. ఆ సిమ్యులేటర్‌లో రెక్కల లెక్కా ఇంజను లెక్కా సరిగ్గానే ఉన్నాయి. లేనిది ప్రాణభయం, ఒంటి మీద జీ బరువు. మనిషి పైలట్ కూడా కుర్చీలోనే కూర్చుని తలకి వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకుని ఆడాడు. ఓడినా అది సగం ఆర్కేడ్ మైదానం మీద ఓటమే అనిపిస్తుంది నాకు. ఆ తర్వాత ఇదే బాటలో కృత్రిమ మేధని ఎక్స్-62 అనే మార్చిన ఎఫ్-16లో ఎక్కించి, 2023లో నిజం ఆకాశంలో మనిషి నడిపే ఎఫ్-16కి ఎదురుగా ఎగరేశారు. అక్కడ కాపలాకి లోపల పైలట్లు కూర్చున్నారు, దూరాల హద్దులు పెట్టారు.

తేడా ఏమిటో సొంతంగా తేల్చుకోవాలంటే పెద్ద ఖర్చేమీ లేదు. 2020 నాటి ‘మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్’ ఉపగ్రహ చిత్రాల ఆధారంగా భూగోళమంతా పరిచిపెట్టింది, అందులో గోదావరి పాయలూ ఉన్నాయి. 2021 నుంచి దానిలో ఎఫ్/ఏ-18 ఫైటర్ కూడా ఉంది. ధవళేశ్వరం మీద మూడు వేల మీటర్ల ఎత్తు తీసుకోండి. సముద్రం వైపు చూస్తే ఎడమకి గౌతమి, కుడికి వశిష్ఠ విడిపోయే చోట విమానాన్ని పక్కకి ఒరిగించి కర్ర మొత్తం వెనక్కి లాగి, ఎత్తు తగ్గకుండా పట్టుకోండి. కళ్ళు పాయల మీద కాదు, వేగం అంకె మీద ఉంచండి. అది పడిపోవడం మొదలవుతుంది, వలయం మారిపోతుంది, ఒక దశలో ముక్కు మీరు చెప్పిన మాట వినడం మానేస్తుంది. అప్పుడు కర్ర వదిలి, ముక్కు కిందికి దించి, ఎత్తు ఖర్చుపెట్టి వేగం తిరిగి కొనుక్కోండి. ఎంత ఎత్తు పోయిందో రాసిపెట్టుకుని, ఈసారి అదే మలుపు సగం లాగుడుతో తిరిగి చూడండి.